తక్కువ ధరకు కొన్న డీజిల్ ఫోర్ వీల్ బండి: ఎన్‌ఓసీ రాలేదు, షెడ్డువాళ్లు బండి ఇవ్వడం లేదు

సందేహం: మాది పాడేరు దగ్గర పల్లె. కాఫీ తోటకు వెళ్లే మట్టిదారి కోసం ఏడు నెలల క్రితం గురుగ్రామ్‌లోని పాత కార్ల వ్యాపారి దగ్గర 2012లో రిజిస్టరైన టాటా సఫారీ డీజిల్ 4×4 బండిని రూ. 2,60,000కు కొన్నాను. ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదని, ఫోర్ వీల్ బాగా పడుతుందని ఆయన వాట్సాప్‌లో రాశాడు. ఆర్‌సీ, పాత యజమాని సంతకం చేసిన 29, 30 ఫారాలు (పేరు బదిలీకి కావలసినవి) ఇచ్చి, ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) నెలలో పంపుతానన్నాడు, ఇంతవరకు పంపలేదు. ఇంజిన్ బోరుకొచ్చిందని (సిలిండర్లు అరిగి బోరింగ్ చేయాలని), ఫోర్ వీల్ గేరు పళ్లు అరిగాయని విశాఖపట్నంలోని షెడ్డులో తేల్చి రూ. 45,000 అవుతుందన్నారు. ఇప్పుడు రూ. 1,38,000 కడితేనే బండి ఇస్తామంటున్నారు. అది ఎక్కువనుకుంటే వేరే బండి ఇంజిన్ వేయించుకోమంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ దృష్టంతా షెడ్డు బిల్లు మీద ఉంది, అది సహజమే. కానీ మీకు అసలు ప్రమాదం ఎన్‌ఓసీ రాకపోవడంలో ఉంది. ఆ కాగితం రాకుండా మరమ్మతు మీద పెట్టే ప్రతి రూపాయీ ఇంకొకరి పేరున ఉన్న బండి మీద పెడుతున్నట్లే.

డబ్బిచ్చి బండి తెచ్చుకున్నారు కనుక అది మీ సొత్తేనని మీరు అనుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) మాత్రం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారినే యజమానిగా చూస్తుంది. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారనంతవరకు ప్రమాద పరిహారం బాధ్యత పాత యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఇది మీకు ఒక విధంగా ఉపయోగపడుతుంది. రేపు మీ ఘాట్‌లో ఏదైనా జరిగితే నోటీసు హర్యానాలోని ఆ పాత యజమానికే వెళుతుందని వివరిస్తూ, ఆర్‌సీలో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టులో మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. వ్యాపారి ఫోన్ ఎత్తకపోయినా ఆ మనిషి తప్పక స్పందిస్తాడని నా నమ్మకం. ఎన్‌ఓసీకి కావలసిన 28వ ఫారం మీద సంతకం కూడా ఆయనదే కావాలి.

ఈ బండి ఇంత చవకగా ఎందుకు దొరికిందో కూడా మీరు తెలుసుకోవాలి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు దేశ రాజధాని ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఈ విషయమై ఆ తరువాత కూడా మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి. గురుగ్రామ్ ఆ పరిధిలోదే కాబట్టి అక్కడి పాత డీజిల్ బండ్లు మన వైపు వస్తుంటాయి. ఆ పదేళ్ల నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో లేదు. సెక్షన్ 41 ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే మీ బండికి 2027 వరకు చెల్లుతుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే అయిదేళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ మొదటి పొడిగింపు రుసుమే కారుకు రూ. 5,000, హరిత పన్ను దానికి అదనం. బిల్లు కట్టే ముందు ఈ లెక్క కూడా వేసుకోండి. ఇంకొక ముఖ్యమైన పని, ఈరోజే కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైట్‌లో ఆర్‌సీ స్థితి చూడండి. రిజిస్ట్రేషన్ రద్దయినట్లు కనబడితే సమస్య స్వరూపమే మారిపోతుంది. అప్పుడు మరమ్మతు ఆపించి, డబ్బు వాపసు కోసమే పోరాడాలి.

ఆర్‌సీ సజీవంగా ఉంటే, ఫైనాన్స్ బాకీ నమోదై ఉన్నదో లేదో, చలాన్లు ఉన్నాయో లేవో చూడండి. అప్పు తీరినా నమోదు తొలగించకపోతే ఫైనాన్స్ సంస్థ సంతకంతో 35వ ఫారం కావాలి. ఇవన్నీ తేలాక ఎన్‌ఓసీకి దరఖాస్తు చేస్తే, 30 రోజుల్లో తిరస్కరించినట్లు తెలియజేయకపోతే అది మంజూరైనట్లేనని సెక్షన్ 48 చెబుతోంది, కాబట్టి దరఖాస్తు రసీదును జాగ్రత్తగా దాచుకోండి. వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే సెక్షన్ 47 కింద కొత్త నంబరు తీసుకోవాలి. మీకు మిగిలింది అయిదు నెలలు. బదిలీ దరఖాస్తు గడువు 30 రోజులే కాబట్టి ఆలస్య రుసుము తప్పదు. బండి వయసును బట్టి తగ్గించిన జీవితకాల పన్ను కూడా ఇక్కడ కట్టాలి.

ఇక వ్యాపారి సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాత బండ్ల వ్యాపారి రిజిస్టరింగ్ అధికారి నుంచి అధీకృత పత్రం పొందాలి. యజమాని 29సి ఫారం ద్వారా బండి అప్పగించినట్లు తెలియజేస్తే ఆ వ్యాపారినే యజమానిగా భావిస్తారు, ఎన్‌ఓసీకి ఆయనే దరఖాస్తు చేయవచ్చు. ఆ అధీకృత పత్రం ఉందా అని వ్యాపారికి పంపే నోటీసులో నిలదీయండి.

బండి లోపాల విషయంలో మీకు నిజం చెప్పాలి. పాత సరుకు కొనేవాడే చూసుకుని కొనాలన్నది వస్తు విక్రయ చట్టంలోని మూల సూత్రం, ఇన్నేళ్ల బండిలో అరుగుదల ఉండటాన్ని వినియోగదారుల కమిషన్లు సాధారణంగా లోపంగా లెక్కించవు. కానీ ఇంజిన్ విప్పలేదని, ఫోర్ వీల్ పడుతుందని రాసిచ్చిన మాటలు అబద్ధమైతే అది వేరే విషయం. లోపల ఇంతకుముందే బోరింగ్ చేసిన గుర్తులు కనబడితే మీ కేసుకు అదే ప్రాణం. అందుకే విప్పిన పిస్టన్లు, లైనర్లు, పాత పళ్లు పారేయవద్దని షెడ్డుకు ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి. వేరే అనుభవజ్ఞుడితో పరిశీలింపజేసి నివేదిక, ఫొటోలు తీసుకోండి. సందేశాలున్న ఫోన్ మార్చకండి, అవి సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువీకరణ పత్రం జతచేయాల్సి ఉంటుంది. ఫిర్యాదు కోసం గురుగ్రామ్ వెళ్లనక్కరలేదు; 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లో వేసే హక్కు ఇచ్చింది. గడువు రెండేళ్లు, మీరు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. తోట కోసం కొన్నది వాణిజ్య ప్రయోజనమని ఎదుటివారు వాదించవచ్చు. స్వయంగా శ్రమించి బతకడానికి వాడుకునేది ఆ మాటలోకి రాదని చట్టమే వివరించింది.

షెడ్డువారికి కూడా ఒక హక్కు ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, అప్పగించిన వస్తువు మీద నైపుణ్యంతో పనిచేసినవాడు తన కూలి అందేవరకు దాన్ని తన వద్ద ఉంచుకోవచ్చు. అయితే అది మీరు చెప్పిన పనికే వర్తిస్తుంది, మిమ్మల్ని అడగకుండా పెంచిన పనికి కాదు. ఏ పనికి, ఏ విడిభాగానికి ఎంతైందో విడివిడిగా బిల్లు ఇవ్వమని లిఖితంగా అడగండి. ఒప్పుకున్న రూ. 45,000 చెల్లించి, మిగతాది వివాదంలో ఉందని రాసి బండి అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే సేవాలోపం కింద కమిషన్‌లో ఫిర్యాదు చేసి, బండి అప్పగించమని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. తోట పనులు ఆగిపోయి అంత కాలం ఆగలేకపోతే, అభ్యంతరాన్ని రసీదు మీదే రాసి పూర్తి మొత్తం కట్టి, తరువాత వాపసు కోరవచ్చు. కానీ రెండో తాళంచెవి ఉందికదా అని రాత్రివేళ బండి తెచ్చుకునే పని దయచేసి చేయకండి. బాగుచేసిన కూలి కోసం ఆపుకున్న సొంత గడియారాన్ని దురుద్దేశంతో ఎత్తుకొచ్చుకోవడం కూడా దొంగతనమేనని భారతీయ న్యాయ సంహిత ఉదాహరణతో సహా చెబుతోంది.

వేరే ఇంజిన్ వేయించే ఆలోచన మాత్రం ఇప్పుడు మానుకోండి. కొత్త నంబరుకు వెళ్లినప్పుడు ఛాసిస్, ఇంజిన్ నంబర్లను ఆర్‌సీతో పోల్చి చూస్తారు, తేడా కనబడితే బదిలీ అక్కడే ఆగిపోతుంది. రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా చేసిన మార్పు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పుకు రూ. 5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ ఇంజిన్ దొంగబండిదైతే దాన్ని ఎక్కడ కొన్నారో చెప్పవలసింది మీరే. బండి మీ పేరున వచ్చాక, బిల్లు ఉన్న ఇంజిన్‌కు ముందుగా అనుమతి తీసుకుని వేయించుకోవచ్చు.

చివరిగా, బీమా ఇంకా పాత యజమాని పేరుననే ఉందనుకుంటాను. మూడో వ్యక్తికి జరిగే నష్టం వరకు పాలసీ సెక్షన్ 157 కింద మీకు బదిలీ అయినట్లే భావిస్తారు, కానీ మీ బండికి జరిగే నష్టానికి ఆ సౌకర్యం లేదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. పాలసీ గడువు ఈ ఏడు నెలల్లో ముగిసిందేమో చూడండి. ముగిసి ఉంటే, షెడ్డు నుంచి తెచ్చే రోజున దాన్ని నడపకుండా వేరే వాహనం మీద ఎక్కించి పాడేరు చేర్చండి.