పరిచయం పేరుతో అడిగే నాలుగు లక్షలు

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర ఒక చిన్న పట్టణం. కిరాణా దుకాణం నడుపుతున్నాను. ఇంటి ఖర్చు నెలకు 22,000 రూపాయలు. మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి పోటీ పరీక్షలకు చదువుతోంది. నాకు బావమరిది వరసయ్యే ఒకాయనకు మున్సిపాలిటీలో పరిచయాలున్నాయి. నాలుగు లక్షలిస్తే అమ్మాయిని అవుట్‌సోర్సింగ్‌లో కంప్యూటర్ ఆపరేటర్‌గా పెట్టిస్తానని, జీతం 19,500 వస్తుందని, ముందుముందు పర్మినెంట్ అవుతుందని చెబుతున్నారు. ఉన్న ఒక్క ఎఫ్‌డీ 1,20,000 తీసేసి, నగల మీద 1,60,000, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,20,000 తేవాలనుకుంటున్నాను. తెలిసినవాళ్లు లేకుండా ఈ రోజుల్లో ఉద్యోగం వస్తుందా? నా ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. దాదాపు ఇలాంటి ఉత్తరాలే నాకు తరచుగా వస్తుంటాయి. ఉద్యోగం ఏదైనా, అడిగే మొత్తం ఎంతైనా, అన్నిటిలోనూ కుటుంబం మొదట చేయి పెట్టేది ఆపదకని దాచుకున్న సొమ్ము మీదే కాబట్టి ఈ జవాబు కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా పరిచయాల సంగతి. రాతపరీక్ష, మెరిట్ జాబితా, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) ప్రకారం భర్తీ చేసే పోస్టుల్లో మీ బంధువు చేయగలిగింది ఏమీ లేదు. మున్సిపాలిటీల్లో వార్డు ఆఫీసర్ పోస్టులను కూడా పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరిపే గ్రూప్-4లో చేర్చి పరీక్ష ద్వారానే నింపారు. అలాంటి పోస్టుల పేరుతో డబ్బు తీసుకునే మధ్యవర్తుల పద్ధతి ఒకటి ఉంది: పదిమంది దగ్గర తీసుకుంటారు, వారిలో సొంత ప్రతిభతో ఎంపికైన ఇద్దరి డబ్బు తమ పలుకుబడికి ప్రతిఫలమని ఉంచుకుంటారు, మిగిలినవారిని వాయిదాల మీద తిప్పుతారు. అవుట్‌సోర్సింగ్ కొలువుల్లో పరిచయానికి కొంత విలువ ఉన్న మాట నిజమే. ఏ విభాగంలో ఖాళీ వచ్చింది, ఏ ఏజెన్సీ ద్వారా తీసుకుంటున్నారు అన్న కబురు ఆఫీసులో పనిచేసేవారికి ముందుగా తెలుస్తుంది. ఆ కబురు వరకు మీ బంధువు సాయం తీసుకోండి, దానికి నాలుగు లక్షలు అక్కర్లేదు.

పర్మినెంట్ అవుతుందన్న మాటకు చాలామంది 2023లో క్రమబద్ధీకరణ పొందిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులను ఉదాహరణగా చూపిస్తారు. వారు 2018లో రాతపరీక్ష రాసి, మెరిట్ మీద ఎంపికై, 2019లో విధుల్లో చేరినవారు. ఏజెన్సీ ద్వారా, ఒప్పందం గడువు ఉన్నంతవరకు పనిచేసే ఆపరేటర్‌కు ఆ ఉదాహరణ వర్తించదు.

ఇక లెక్క చూడండి. 19,500లో పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికి వచ్చేది 17,000 పైచిలుకు. బయటి అప్పుకు నెలకు 3,600 వడ్డీ. నగల మీద రూపాయి వడ్డీ వేసుకున్నా 1,600. అంటే 5,200 రూపాయలు కేవలం వడ్డీకే పోతాయి, 2,80,000 అసలు అలాగే నిలబడి ఉంటుంది. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. కిరాణా దుకాణం లాభంతో ఆ వడ్డీ తీర్చిన కుటుంబాన్ని నేను చూడలేదు. అవుట్‌సోర్సింగ్ జీతాలు రెండు మూడు నెలలు ఆలస్యం కావడం మన మున్సిపాలిటీల్లో కొత్త కాదు. మూడు నెలలు జీతం రాకపోతే 15,600 వడ్డీ దేనిలోంచి కడతారు? అప్పటికి ఎఫ్‌డీ ఉండదు, నగలు తాకట్టులో ఉంటాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. ఆ 1,20,000ను మీరు ఉద్యోగానికి పనికొచ్చే పెట్టుబడిగా లెక్కవేశారు. ఆపదకని ఏ ఇంట్లోనైనా ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, మీ ఇంటికి అది 1,32,000. అంటే మీ దగ్గర ఉన్నది కాస్త తక్కువగా మీ అత్యవసర నిధి, అంతకుమించి ఏమీ కాదు. దుకాణం నెల రోజులు మూతపడినా, మీరు మంచం పట్టినా ఇల్లు నడిపేది ఆ డబ్బే. ఆరోగ్యశ్రీ ఆసుపత్రి బిల్లును భరిస్తుంది కానీ, మీరు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇంట్లో బియ్యానికి, కరెంటు బిల్లుకు ఇవ్వదు. అమ్మాయి చదువుకూ ఈ నిధే ఆధారం. గ్రూప్-4 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే, పరీక్ష 2023 జులై 1న జరిగింది, తుది ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లూ అప్పులవాడు ఇంటి ముందు నిలబడకుండా ఉంటేనే పిల్లలు పుస్తకం ముందు కూర్చోగలుగుతారు.

పని జరగకపోతే డబ్బు తిరిగి ఇస్తామని ఇలాంటి మధ్యవర్తులు ప్రామిసరీ నోటు రాసిస్తామంటారు. “నా అవసరముల నిమిత్తం అప్పుగా పుచ్చుకున్నాను” అని రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసిన కాగితం చేతిలో ఉంటే ధైర్యంగానే ఉంటుంది. అయితే ఆ సొమ్ము ఉద్యోగం కోసం లంచంగా ఇచ్చారని తేలితే కోర్టు ఆ ఒప్పందాన్ని ఆదుకోదు. పైగా 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవారికి కూడా ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. 2023 మార్చిలో మన రాష్ట్రంలో ఉద్యోగ పరీక్షల ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడినప్పుడు, పత్రాలు అమ్మినవారితో పాటు కొన్నవారు కూడా అరెస్టయ్యారు. మీ అమ్మాయి పేరు అలాంటి కేసులోకి వెళితే తర్వాత ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేసినా అది అడ్డు వస్తుంది.

జిల్లా ఉపాధి కార్యాలయంలో అమ్మాయి పేరు నమోదు చేయించండి. చదువుకుంటూనే ఏదైనా ప్రైవేటు ఆఫీసులో డేటా ఎంట్రీ పని దొరికితే చేరమనండి. నగలు ఇంట్లోనే ఉంచండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే ఈ ఏడాదే తీసుకోండి.

ఎఫ్‌డీని కదపకండి. తక్కువ పడిన 12,000ను నెలకు వెయ్యి చొప్పున ఆర్డీలో వేస్తే ఏడాదిలో పూడిపోతుంది. ఎఫ్‌డీకి నామినీగా మీ భార్య పేరు ఉందో లేదో ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి చూసుకోండి. మీ బంధువుకు మాత్రం, డబ్బు సర్దుబాటు కాలేదని చెప్పకండి. అలా చెబితే అప్పు ఇప్పించే మనిషిని కూడా ఆయనే వెంటబెట్టుకొస్తారు. ఇవ్వదలచుకోలేదని నేరుగా చెప్పండి.