ఓడోమీటరు ఒకటి చెబుతోంది, మీరు ఒకటి చెబుతున్నారు

ప్రశ్న: మాది కరీంనగర్. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు లక్షా 5 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 31 వేలు. ఏడేళ్ల కిందట కొన్న పెట్రోలు కారు ఉంది. 58 వేల కిలోమీటర్లే తిరిగింది, కండిషన్ బాగానే ఉంది. నెలకు 1500 కిలోమీటర్లు తిరుగుతాం కాబట్టి ఎలక్ట్రిక్ కారుకు మారాలని ఉంది. కొత్త పెట్రోలు కారు ఆన్‌రోడ్ 10.8 లక్షలు, ఎలక్ట్రిక్ 14.3 లక్షలు చెబుతున్నారు. బ్యాటరీ అద్దెకు తీసుకుంటే పది లక్షల చిల్లరలో వచ్చేస్తుందని మా బావమరిది అంటున్నాడు. 6 లక్షల ఎఫ్‌డీ తీసేసి డౌన్ పేమెంట్ కట్టమంటారా?

జవాబు: మీరు రాసిన రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదండీ. 58 వేలను ఏడేళ్లకు, అంటే 84 నెలలకు పంచితే నెలకు 690 కిలోమీటర్లు వస్తుంది. 1500 ఎక్కడ, 690 ఎక్కడ! నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే చెబుతారు. తిరుపతి వెళ్లొచ్చిన నెల గుర్తుంటుంది, కారు ఇంటి ముందే ఉండిపోయిన నెల గుర్తుండదు.

ఈ తేడాతో లెక్కంతా మారిపోతుంది. లీటరు 108 రూపాయలు, మైలేజీ 15 అనుకుంటే 690 కిలోమీటర్లకు పెట్రోలు దాదాపు 5 వేలు. ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. ఇంటి మీటరు మీదే ఛార్జ్ చేస్తే వాడకం పెరిగి పై శ్లాబులోకి వెళ్తారు, అందుకే యూనిట్ 10 రూపాయలు వేస్తున్నాను. 1,100 అవుతుంది. అంటే నెలకు 3,900 మిగులు. ధరలో తేడా మూడున్నర లక్షలు, అది రాబట్టుకోవడానికి ఏడున్నరేళ్లు పడుతుంది, వడ్డీ కలపకుండానే. నిజంగా 1500 తిరిగితే మాత్రం మిగులు 8,500, మూడున్నరేళ్లలో తేడా తీరిపోతుంది. అప్పుడు కళ్లు మూసుకుని ఎలక్ట్రిక్ కొనమంటాను.

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు. 2024 సెప్టెంబర్‌లో ఎంజీ విండ్సర్‌ను ఈ పద్ధతిలోనే తెచ్చారు. బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, పైన కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. బ్యాటరీతో కలిపితే 13.5 లక్షలు. కంపెనీ తెలివి మెచ్చుకోవాల్సిందే, ధర పది లక్షల లోపు కనబడింది. కానీ ఆ అద్దె కూడా అప్పు లాంటిదే. మీ 690 కిలోమీటర్లకు అద్దె 2,400, కరెంటు 1,100. పెట్రోలు మీద మిగిలేది 1,500 మాత్రమే. పైగా కొన్ని ఫైనాన్స్ ఒప్పందాల్లో బండి కదిలినా కదలకపోయినా నెలకు కనీసం 1500 కిలోమీటర్ల అద్దె కట్టాలన్న షరతు ఉంటుంది. అది పడితే 5,250. అంటే పెట్రోలు ఖర్చు కన్నా ఎక్కువే! పోనీ నిజంగానే 1500 తిరుగుతారా, ఏడాదికి 63 వేలు. ఐదున్నరేళ్లలో బ్యాటరీ ధరంత కట్టేస్తారు. ఆ ఐదున్నరేళ్ల తర్వాత ఎవరికి ఎంత కట్టాలో సంతకం పెట్టే ముందే అడగండి.

బ్యాటరీ పోతుందేమో అన్న టెన్షన్ ఇప్పుడు అంత అక్కర్లేదు. టాటా, మహీంద్రా కొన్ని మోడళ్లకు మొదటి యజమానికి లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తున్నాయి. ‘మొదటి యజమాని’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. నాలుగేళ్లకో కారు మార్చే అలవాటుంటే కొనేవాడు ఆ మాట చూపించే బేరమాడతాడు.

ఆదాయపు పన్నులో 80ఈఈబీ సెక్షన్ కింద ఎలక్ట్రిక్ కారు లోన్ వడ్డీకి లక్షన్నర మినహాయింపు ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే అది. తెలంగాణలో రోడ్ ట్యాక్స్ మినహాయింపు మాత్రం నిజం. 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు ఆ పన్ను లేదు. 13 లక్షల కారు మీద ఇది రెండు లక్షల పైమాటే, చిన్న మొత్తమేం కాదు. మీరు చెప్పిన 14.3 లక్షల్లో అది ఇప్పటికే తీసేసి ఉంటుంది, మళ్లీ లాభంగా లెక్కేసుకోకండి.

ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దు. ఆ 6 లక్షలూ కట్టినా ఇంకా 8.3 లక్షల లోన్ ఉంటుంది. 9 శాతం వడ్డీకి ఐదేళ్లయితే ఈఎంఐ 17 వేల పైచిలుకు. ఇంటి ఈఎంఐతో కలిపి 48 వేలు, జీతంలో దాదాపు సగం. చేతిలో ఎఫ్‌డీ ఉండదు, ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైతే క్రెడిట్ కార్డే దిక్కు. పాత కారునే ఇంకో రెండేళ్లు నడపండి. కట్టబోయే ఈఎంఐలో 15 వేలు నెలనెలా ఆర్‌డీలో వేస్తే వడ్డీ కాకుండానే 3.6 లక్షలు జమవుతాయి. ఈఎంఐ భారం మీ ఇంటికి సరిపడుతుందో లేదో కూడా తెలిసిపోతుంది.

బదిలీ వల్లో, కొత్త ఉద్యోగం వల్లో రోజూ దూరం వెళ్లాల్సి వస్తే చెప్పండి, లెక్క మళ్లీ వేద్దాం. ఈలోగా ప్రతి నెలా ఒకటో తారీఖున ఓడోమీటరు ఫొటో తీసి పెట్టుకోండి. మీది అపార్ట్‌మెంటయితే సెల్లార్‌లో ఛార్జర్ పెట్టుకోవడానికి అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రెసిడెంట్ ‘పెట్టుకోండి సార్’ అన్న మాట, వచ్చే ఏడు ప్రెసిడెంట్ మారితే చెల్లదు.