కొత్త కోడలికి పండుగల గురించి

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి పరకాల నుంచి పెద్దత్తమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, క్యాలెండర్ నిండా పండుగలే కనిపిస్తున్నాయి, ఏది చేయాలి, ఏది వదిలేయొచ్చు అని. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. మీ అత్త ఉంటే ఇవన్నీ దగ్గరుండి చూపించేది. ఆమె సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఈ ఉగాది నుంచి మీ ఇంట్లో పండుగలు మళ్లీ మొదలవుతాయి. మీ పుట్టిల్లు గుంటూరు వైపు, అత్తగారిల్లు వరంగల్ వైపు. దేవుళ్లు వాళ్లే, పద్ధతులే కొన్ని వేరు. పైగా నువ్వు ఉద్యోగం చేసే పిల్లవు. అందుకని నేను చెప్పేది ఒకటే బిడ్డా. ప్రతి పండుగకూ ప్రాణం లాంటి పని ఒకటి ఉంటుంది. అదేమిటో, ఎందుకు చేస్తారో తెలుసుకో. దాన్ని వదలకు. మిగతాదంతా ఓపికను బట్టి, లీవును బట్టి.

ముందు పంచాంగం చూడటం నేర్చుకో. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలమే తిథి. చంద్రుడి నడక ఒకే తీరుగా ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటల్లోనే అయిపోవచ్చు, ఇంకొకటి 26 గంటల దాకా సాగవచ్చు. మామూలుగా పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే రోజంతా అదే అంటాం. కానీ పెద్ద పండుగలు చాలావాటికి ఈ లెక్క పనికిరాదు. శ్రీరామనవమికి, వినాయక చవితికి మధ్యాహ్నం తిథి ఉండాలి. దీపావళికి పొద్దుగూకే వేళ అమావాస్య ఉండాలి. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. 2024లో దీపావళి ఎప్పుడని అందరూ తలలు పట్టుకున్నది ఇందుకే. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం వచ్చి నవంబరు 1 సాయంత్రం దాకా ఉంది. దీపాలు పెట్టే వేళ నుంచి రాత్రంతా అమావాస్య ఉన్నది 31నే కాబట్టి మన దగ్గర ఆ రోజే చేసుకున్నాం. వాట్సాప్‌లో రెండు తేదీలు తిరిగితే టెన్షన్ పడకు. ఆ పండుగ ఏ వేళకు చేసేదో చూసుకో. అప్పటికీ తేలకపోతే భద్రకాళి గుడిలో ఏ రోజు చేస్తే మనమూ ఆ రోజే.

ఇంకో సంగతి. చంద్రుడి లెక్కన ఏడాదికి 354 రోజులే. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. ఆ తరుగు పూడ్చడానికి దాదాపు 32 నెలలకోసారి ఒక నెల ఎక్కువగా వస్తుంది. 2023లో రెండు శ్రావణాలు వచ్చాయి, ఈ 2026లో రెండు జ్యేష్ఠాలు. అధిక మాసంలో పండుగలు, శుభకార్యాలు పెట్టుకోరు. జపం, దానం మంచివంటారు. మీ అమ్మవాళ్లు నిన్నూ మావాణ్నీ పిలిచి బట్టలు పెడతామంటే కాదనకు, అది ఆ నెల మర్యాద. ఆ తర్వాత వచ్చే పండుగలన్నీ ఈసారి ఆలస్యంగా వస్తాయి. దసరా అక్టోబరు 20, దీపావళి నవంబరు 8. లీవులు ఇప్పుడే చూసుకో.

ఉగాది సులువు. మీ వైపు పచ్చడి చిక్కగా చేస్తారట, మేము కొత్త కుండలో పలుచగా, గ్లాసుల్లో పోసుకుని తాగేలా కలుపుతాం. వేప పువ్వు, కొత్త చింతపండు, మామిడికాయ, బెల్లం. చెట్టు మీద అప్పుడే వచ్చినవాటిని ఏడాదిలో మొదటిసారి నోట పెట్టుకోవడమే అక్కడ ముఖ్యం. ప్యాకెట్ పొడి నీళ్లలో కలిపితే అది పచ్చడి కాదని నా అభిప్రాయం. భక్షాలు, అదే మీ బొబ్బట్లు, చేయడం రాకపోతే కొనుక్కోండి, తప్పేం లేదు. సాయంత్రం గుడిలో పంచాంగం వినండి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు చాలు, మధ్యాహ్నం కల్యాణానికి ఏదో ఒక రామాలయానికి వెళ్లి కూర్చోండి.

కొత్త కోడలివి కాబట్టి ఆషాఢంలో పుట్టింట్లో ఉంటావు. అయినా ఆషాఢ పున్నమి దగ్గర పడేసరికి వీలైతే ఒక్క పూట రా. భద్రకాళి అమ్మవారిని శాకంబరిగా కూరగాయలతో, ఆకుకూరలతో అలంకరిస్తారు, చూసి తీరాలి. అంతకుముందే వచ్చే తొలి ఏకాదశి నాడు విష్ణువు నిద్రకు వెళ్తాడు, మళ్లీ కార్తీక ఏకాదశికి లేస్తాడు. ఆ నాలుగు నెలలే చాతుర్మాస్యం. మన పెద్ద పండుగలు సగం అందులోనే ఉన్నాయి. తొలి ఏకాదశికి ఒక్కపొద్దు ఉండి, పేలాల పిండిలో బెల్లం కలుపుకుని తింటాం. వానాకాలం మొదట్లో అది కడుపుకు తేలిక.

నాగుల పండుగ దగ్గర నీకు తికమక వస్తుంది. మీ వైపు దీపావళి తర్వాత కార్తీక శుద్ధ చవితికి పుట్టలో పాలు పోస్తారు. మేము శ్రావణ శుద్ధ పంచమికి పోస్తాం. ఇంటి కోడలిగా పంచమి చెయ్యి. చవితి నాడు మీ అమ్మను తలచుకుని ఇంట్లోనే దీపం పెట్టుకుంటానంటే ఎవరూ అడ్డు చెప్పరు. వరలక్ష్మీ వ్రతం మా వైపు అందరిళ్లలో లేదు, మీ పుట్టింట్లో ఉంటే చేసుకో. శ్రావణ పున్నమికి ముందు వచ్చే శుక్రవారం అది. రాఖీ మాత్రం మా దగ్గర చిన్న పండుగ కాదు. ఆడబిడ్డలు వస్తారు, వాళ్లకు అన్నం పెట్టకుండా పంపకూడదు.

వినాయక చవితికి మట్టి గణపతి, పత్రి, కథ. కథ విని అక్షింతలు వేసుకోవడం వదలకు. చంద్రుణ్ని చూసి శ్రీకృష్ణుడు పడ్డ నింద ఆ కథలో ఉంది, చవితి దోషానికి విరుగుడు అదే. గల్లీలో పెట్టే డీజే గురించి నన్ను అడగకు, నాకు అదంటే పడదు.

ఇక బతుకమ్మ. మీ వైపు లేని పండుగ ఇదే, మాకు అన్నిటికన్నా పెద్దది ఇదే. భాద్రపద అమావాస్యతో మొదలై దుర్గాష్టమితో ముగుస్తుంది, తొమ్మిది రోజులు. ఆఖరి రోజు బతుకమ్మనే సద్దులు అంటాం; కొన్ని ఊళ్లలో ఏడో రోజునే చేసుకుంటారు, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పద్ధతి. ఆ అమావాస్యను మేము పెత్రమాస అంటాం. పొద్దున చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు అయ్యవారికి ఇస్తాం, మీ అత్త పేరు మీద ఈసారి మావాడితో ఇప్పించు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. రోజుకో నైవేద్యం ఉంటుంది: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు అమ్మవారు అలిగిందని పేర్చరు. తర్వాత వేపకాయల్లా చేసిన పిండివంట, వెన్నముద్దలు, చివరికి సద్దులు. ఉద్యోగం పెట్టుకుని అన్ని రోజులూ చేయలేవు. మొదటి రోజు, చివరి రోజు పట్టుకో, మధ్యలో కుదిరినప్పుడు ఆడు.

పేర్చడం నేర్చుకుంటే ఎవరి మీదా ఆధారపడవు. ఇత్తడి తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, అడుగున తంగేడు, ఆపైన గునుగు వరుసలు. గునుగు కొసలు సమంగా కత్తిరించి రంగులో ముంచుకోవాలి. మధ్యలో బంతి, కట్ల పూలు. వరుస పెరిగేకొద్దీ చుట్టు తగ్గించుకుంటూ పోవాలి. లోపల బోలుగా వదలకుండా ఆకులు, పూల తొడిమలు కూరుతూ రా, లేకపోతే ఎత్తుకున్నప్పుడు ఒరిగిపోతుంది. పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. ఈ పూలలో చాలావరకు వానాకాలం చివర ఎవరూ నీళ్లు పోయకుండా పొలం గట్ల మీద, బంజరులో పూసేవే. ఎవరికీ పట్టని పూలను ఏరుకొచ్చి దేవతగా నిలబెట్టి, చుట్టూ తిరిగి పాడి, మళ్లీ చెరువుకే అప్పగిస్తాం. అందుకే ప్లాస్టిక్ పూల బతుకమ్మ కొనకు. చిన్నదైనా సరే, పచ్చి పూలతోనే పేర్చు.

హనుమకొండలో ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి దగ్గర ఆడతారు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర. జనం బాగా ఉంటారు, చీకటి పడకముందే వెళ్లండి. సద్దులకు పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయది, కొబ్బరిది, నువ్వులది అని ఐదు రకాలు. బతుకమ్మ నీళ్లలో కలిశాక పసుపు గౌరమ్మను పుస్తెలకు రాసుకుని, వాయినాలు ఇచ్చుకుని, సద్దులు అందరికీ పంచాలి. ఐదు చేయలేకపోతే మూడు చెయ్యి. పంచడం మాత్రం మానకు.

దసరా నాడు నీకు వింతగా అనిపించేది ఒకటుంది. మీ మామయ్య ఇంట్లో మాంసం వండుతారు. మా వైపు చాలా ఇళ్లలో అంతే. నీకు ఇష్టం లేకపోతే తినకు, ముఖం మాత్రం చిట్లించకు. సాయంత్రం జమ్మి దగ్గరికి వెళ్లడం, దారిలో పాలపిట్టను చూడటం, జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం, ఇవే అసలు పండుగ. పాండవులు అజ్ఞాతవాసంలో ఆయుధాలు దాచింది జమ్మి మీదే కదా. ఆ ఆకునే బంగారం అంటాం. ఎవరితోనైనా మాటల్లేకపోతే ఆ రోజు బంగారం ఇచ్చి పలకరించాలి.

కార్తీకంలో రోజూ చన్నీళ్ల స్నానం చేయమని నేను చెప్పను. సోమవారాలు, పున్నమి చూసుకో. వేయి స్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించిన శివాలయం, నీ ఇంటికి అంత దగ్గరలో ఉంది. కార్తీక దీపం అక్కడ పెట్టకుండా ఇంకెక్కడ పెడతావు? క్షీరాబ్ది ద్వాదశికి తులసి దగ్గర ఉసిరి కొమ్మ నాటి దీపం పెట్టు.

సంక్రాంతి ఒక్కటి సూర్యుడి పండుగ, అందుకే తేదీ జనవరి 14 లేదా 15 దాటదు. మా వైపు సకినాలు లేని సంక్రాంతి లేదు. బియ్యం నానబెట్టి, తడి పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చేత్తో చుట్లు చుట్టాలి. మొదటిసారి వంకరగానే వస్తాయి, నూనెలో పడ్డాక ఎవరూ కనిపెట్టరు. ఆ రోజుల్లోనే ఐనవోలు మల్లన్న జాతర, కొత్తకొండ వీరభద్రుడి జాతర. మన ఇంటి మొక్కు మల్లన్నకు, మొదటి ఏడాది ఇద్దరూ వెళ్లి రండి. ఒగ్గు కథ చెప్పేవాళ్లు కనిపిస్తే కాసేపు కూర్చుని వినండి. మేడారం ఈ జనవరిలోనే అయిపోయింది, మళ్లీ 2028 మాఘంలో. అది కోయ పూజారుల జాతర, గుడీ విగ్రహం ఉండవు. పంతులు చెప్పే పద్ధతులు అక్కడ వెతకకు, బెల్లం తీసుకెళ్లి మొక్కి రావడమే.

శివరాత్రికి ఒక్కపొద్దు కన్నా జాగారం ముఖ్యం, లింగోద్భవం అర్ధరాత్రి కాబట్టి. రాత్రంతా ఉండలేకపోతే అప్పటిదాకా అయినా మేలుకో. ఉడకబెట్టిన కందగడ్డలు (మీ చిలగడదుంపలు), పండ్లు తినొచ్చు, కడుపు మాడ్చుకోకు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది చివర రాస్తున్నాను. దీపావళికి మన ఇంట్లో కేదారేశ్వర నోము ఉంది. శివుడిలో సగభాగం కోసం గౌరమ్మ చేసిన వ్రతం అంటారు, 21 పోగుల తోరం కట్టుకుంటారు. మీ అత్త నోచిన నోము నీకు రావాలి. ఇది ఒకసారి ఎత్తుకుంటే ఏటా చేయాల్సిందే, దీపావళికి కుదరనప్పుడు కార్తీక పున్నమికైనా చేసి తీరాలి. అందుకే నీ మీద రుద్దను. మావాడితో మాట్లాడుకుని ఇద్దరూ సరే అనుకుంటేనే ఎత్తుకోండి. మీ పుట్టింట్లో నోములు ఏమైనా ఉన్నాయేమో మీ అమ్మగారిని అడిగి, ఆషాఢంలో వెళ్లినప్పుడు తెలుసుకుని రా. ఎత్తుకుంటానంటే దసరాకే చెప్పు, పాత తోరాలు, నోము సామాను నా దగ్గరే ఉన్నాయి, తీసుకుని నాలుగు రోజుల ముందే వస్తాను.

ఇట్లు,
మీ పెద్దత్తమ్మ