దేవుని చిత్తం వెతుకుతున్న మా బుజ్జికి

గుంటూరు

ప్రియమైన బుజ్జికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ శుభాలు. నువ్వు పంపిన మెసేజ్ చదివాను. ఇరవై నాలుగేళ్లు వచ్చినా నా జీవితం గురించి దేవుని ఉద్దేశం ఏంటో తెలియలేదు, వృథా అయిపోతున్నానేమో అని రాశావు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం మానేసి బైబిల్ కాలేజీలో చేరాలా వద్దా, వెంటనే చెప్పమన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నీ వాగ్దానం సంగతి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకు యిర్మీయా 29:11 వచ్చిందనీ, ఆ కార్డు ఫోన్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని దేవుడు చెప్పిన మాట అది, చాలా మంచి వచనం. కానీ కార్డు మీద పట్టేది ఆ ఒక్క వచనమే. ఈ రాత్రి బైబిల్ తీసి 28, 29 అధ్యాయాలు రెండూ చదువు. 29వ అధ్యాయం బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొచ్చేస్తారు అన్నాడు. జనానికి ఆ మాట ఎంత తియ్యగా ఉండి ఉంటుందో ఆలోచించు. కానీ దేవుడు అతణ్ణి పంపలేదు. దేవుడు చెప్పింది డెబ్బై ఏళ్లు. అది నీ వచనానికి సరిగ్గా ముందు, పదో వచనంలో ఉంది.

మరి ఆ డెబ్బై ఏళ్లూ ఏం చెయ్యమన్నాడు? ఇళ్లు కట్టుకోమన్నాడు. తోటలు నాటి వాటి పండ్లు తినమన్నాడు. పెళ్లిళ్లు చేసుకోమన్నాడు. తమను చెరపట్టి తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థన చెయ్యమన్నాడు. 'దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును' అని కూడా చెప్పాడు. ఉద్దేశం తెలిసేదాకా చేతులు కట్టుకుని కూర్చోమనలేదు తల్లీ. వాళ్లు ఇల్లు కట్టుకుంటూ, మొక్క నాటుకుంటూ ఉన్న రోజులు కూడా ఆ ఉద్దేశంలోవే.

నీకు నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. దేవుని చిత్తంలో పెద్ద భాగం మనకు ముందే చెప్పేశాడు, దాచలేదు. 'మీరు పరిశుద్ధులగుటయే దేవుని చిత్తము' అని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది. ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమని, అదే దేవుని చిత్తమని ఐదో అధ్యాయంలో ఉంది. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనసుతో ఉండడం, 'ఇంతేగదా యెహోవా నిన్నడుగుచున్నాడు' అన్నాడు మీకా. పాత తేదీ వేసి వోచరు రాయమంటే నువ్వు రాయనన్నావట, దాంతో రెండు వారాలు ఆఫీసులో నీతో సరిగా మాట్లాడలేదట. ఆ రెండు వారాలూ నువ్వు దేవుని చిత్తం మధ్యలోనే ఉన్నావు. అది నీకు తెలియకపోవడమే నాకు బాధగా ఉంది.

అలాగని ఒక్కొక్కరికి ప్రత్యేకమైన పని లేదనడం లేదు. ఉంది. మనం నడుచుకోవాలని దేవుడు ముందుగానే సత్‌క్రియలు సిద్ధపరచాడని ఎఫెసీయులకు రాసిన పత్రికలోనే ఉంది. కాకపోతే అది మోకాళ్ల మీద ఉండగా ఒక్కసారిగా మెరుపులా తెలియడం నేను చూసింది తక్కువ. పనిలో ఉన్నవాళ్లకి పనిలోనే కనబడడం ఎక్కువ చూశాను.

కుగ్లర్ హాస్పిటల్ మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. డాక్టర్ అన్నా కుగ్లర్ గారు అమెరికాలో పెన్సిల్వేనియాలో వైద్యం చదివి 1879లో డాక్టరయ్యారు. ఇక్కడికి వచ్చి రోగులైన ఆడవాళ్లకు వైద్యం చేయాలని ఆవిడ కోరిక. మిషన్ బోర్డు అప్పటికి వైద్యసేవ మొదలుపెట్టడానికి సిద్ధంగా లేదు. ఇళ్లలోంచి బయటికి రాని స్త్రీల దగ్గరికి వెళ్లి చదువు, వాక్యం చెప్పే పనికి పంపింది. డాక్టరై ఉండి ఆ పనికి ఒప్పుకుని 1883లో గుంటూరు వచ్చారు. అప్పగించిన పని చేస్తూనే, తన దగ్గరికి వచ్చిన రోగులను చూశారు. వైద్య మిషనరీగా నియమించింది 1885లో. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే వచ్చిన పదిహేనేళ్లకి! 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. 1883లో ఆవిడ 'నేను అడిగిన తలుపు తెరుచుకోలేదు, కాబట్టి ఇది దేవుని చిత్తం కాదు' అనుకుని ఓడ ఎక్కకపోతే? ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లలో తల్లులు బతికేవాళ్లు కాదో నాలాంటి నర్సుకి తెలుస్తుంది.

అంత పెద్దవాళ్ల సంగతి మనకెందుకు అంటావేమో. మా సంఘంలో ఒక అన్నగారున్నారు. పోస్టాఫీసులో క్లర్కుగా రిటైరయ్యారు. లేచి ప్రార్థన చెయ్యమంటే ఆయనకి గొంతు పెగలదు. పొద్దున్నే గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో ఓపీ దగ్గర నిలబడతారు. మాచర్ల నుంచో వినుకొండ నుంచో తెల్లవారుజాము బస్సుకి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ కవరు గుండెకి హత్తుకుని, ఏ గదికి పోవాలో తెలియక దిక్కులు చూస్తుంటారు. ఆయన ఆ కవరు అడిగి తీసుకుంటారు. గట్టు మీద కాగితాలన్నీ పరిచి తేదీల వారీగా సర్దుతారు. ఎక్స్‌రేలు అడుగున, రక్తపరీక్షలు మధ్యలో, డాక్టరు చీటీ పైన. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డులకి జిరాక్సులు లేకపోతే ఎక్కడ తీయించుకోవాలో చూపిస్తారు. ఒక చిన్న కాగితం మీద గది నెంబరు పెద్ద అక్షరాలతో రాసి చేతిలో పెడతారు. ఏళ్ల తరబడి ఉత్తరాలు సార్టింగ్ చేసిన చెయ్యి కదా, నిమిషంలో అయిపోతుంది. ఈ పని ఆయనకి ఎవరూ దర్శనంలో చూపించలేదు. భార్యని అక్కడ చేర్చినప్పుడు పక్క మంచం వాళ్లు చీటీ చదివి పెట్టమని అడిగారు, అక్కణ్ణుంచి మొదలైంది. ఎంత కష్టమైన రోజైనా ఆయన ముఖం చూస్తే నాకు ధైర్యం వస్తుంది.

'నీ చేతిలోనిది ఏమిటి' అని దేవుడు మోషేను అడిగాడు. నిన్నూ అదే అడుగుతున్నాడనుకో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు నువ్వు ఏం చేశావు? మొదట నీళ్లలో నడిచి అన్నం ప్యాకెట్లు, పాల ప్యాకెట్లు అందించారు మీ యూత్ అంతా. నీళ్లు తీశాక మిగతావాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. నువ్వు మాత్రం ఆదివారాలు అక్కడే ఉండి, తడిసిపోయిన పాస్‌బుక్కులు, కార్డులు ఆరబెట్టించి, నష్టపరిహారం లిస్టులో పేరు లేనివాళ్లకి అర్జీలు రాసిపెట్టావు. ఆ రోజుల్లో నువ్వు నాతో ఫోన్లో మాట్లాడిన మాటల్లో ఉద్దేశం, పిలుపు అనే ఊసే లేదు. అలిసిపోయి ఉండేదానివి, కానీ నీ గొంతులో దిగులు లేదు. లెక్కలు, కాగితాలు అంటే భయపడే పేదవాళ్ల పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పడం అందరికీ రాదు బుజ్జీ. మన సంఘాల్లోనే భర్త పోయాక పీఎఫ్ ఎలా తీసుకోవాలో, పెన్షన్ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక ఏడాది పొడుగునా తిరిగే అక్కలు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. అది పరిచర్య కాదని ఎవరన్నారు?

ఇప్పటినుంచి ఒక నోటుబుక్ పెట్టు. ఎవరు ఏ సాయం కోసం నీ దగ్గరికి వచ్చారో రాయి. ఏ పని చేశాక ఒళ్లు అలిసినా మనసు నెమ్మదిగా ఉందో రాయి. ఎంత ప్రయత్నించినా నీకు రానిది కూడా రాయి, అదీ దేవుడు చూపించడమే. కొన్ని నెలలయ్యాక నిన్ను పొగడని మనుషులు ముగ్గురికి చూపించు. మీ అమ్మ అందులో ఒకరు కావాలి. బైబిల్ ఎక్కడో తెరిచి వేలు పెట్టి, తగిలిన వచనాన్ని జవాబు అనుకోవడం మానేయ్. వరసగా ఒక పుస్తకం పట్టుకుని చదువు.

ఇక ఆ ప్రవచనం. కూడికలో ఆ సేవకుడు నీ తల మీద చెయ్యి పెట్టి, నువ్వు పూర్తికాల సేవలోకి రావాలి, ఆలస్యం చేస్తే ఆశీర్వాదం తప్పిపోతుంది అన్నాడన్నావు. అప్పట్నుంచి నీకు నిద్ర లేదు. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చెయ్యవద్దని వాక్యం చెప్తుంది, ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమని కూడా చెప్తుంది. ఆయన నిన్ను ముందెప్పుడూ చూడలేదు, నీ సంఘం తెలియదు. పౌలుకి మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడినప్పుడు కూడా అపొస్తలుల కార్యాల్లో లూకా ఏం రాశాడో చూడు. దేవుడు మమ్మల్ని పిలిచాడని మేము నిశ్చయించుకున్నాం అన్నాడు. దర్శనం ఒక్కడికి వచ్చింది, నిశ్చయం అందరూ కలిసి చేసుకున్నారు. అంతకుముందు ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరచాడు, బితూనియకు వెళ్లనివ్వలేదు. తలుపులు మూసుకుపోయినా పౌలు ఆగిపోలేదు, నడుస్తూనే ఉన్నాడు. తీరా ఫిలిప్పీ వెళితే నది ఒడ్డున కూడుకున్న కొందరు స్త్రీలు కనబడ్డారు, ఆ తర్వాత జైలు. దేవుడు తెరిచిన తలుపు అంటే సుఖమైన తలుపని అనుకోవద్దు. ఇంకొకటి, భయపెట్టి తొందర పెట్టే మాటను రెండింతలు పరీక్షించు. దానికి కానుక కూడా తోడైతే లేచి వచ్చెయ్.

నర్సుగా ఒక మాట, ఇది నువ్వు తప్పకుండా వినాలి. వారానికి మూడు ఉపవాసాలు ఉంటున్నావట, హిమోగ్లోబిన్ ఎనిమిదికి వచ్చిందట. అంత రక్తహీనతలో ఎవరికైనా గుండె దడ, దిగులు, పనికిరాననే ఆలోచన రావచ్చు. వాటిని ఆత్మీయమైన సంగతులు అనుకోకు. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ముందు ఉద్దేశం వివరించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చింది. మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి తినిపించింది. నిమ్మళమైన స్వరం ఆ తర్వాత, హోరేబు దగ్గర. ఉపవాసం మంచిదే, నేనూ ఉంటాను. నీకు ప్రస్తుతం కావలసింది డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు, రోజూ ఆకుకూర, గుడ్డు, ఏడు గంటల నిద్ర. అవయ్యేదాకా జీవితం మార్చే నిర్ణయం ఏదీ తీసుకోవద్దు. పెళ్లి సంబంధం సంగతి కూడా అంతే, ఆ అబ్బాయి గురించి తర్వాత మాట్లాడుకుందాం.

బైబిల్ కాలేజీ గురించి సూటిగా చెప్తాను. ఈ ఏడాది వద్దు. తమ్ముడి ఫీజు నీ జీతం మీద నడుస్తోంది. తన యింటివారిని సంరక్షించనివాడి గురించి పౌలు తిమోతికి ఎంత గట్టిగా రాశాడో తెలుసు కదా. తండ్రినైనా తల్లినైనా తనకంటే ఎక్కువ ప్రేమించకూడదని ప్రభువు చెప్పిన మాట కూడా నాకు తెలుసు. నిజంగా ఆయన పిలిస్తే మీ అమ్మే కాదు, నేనైనా అడ్డం నిలబడకూడదు. కానీ నిజమైన పిలుపు ఏడాది ఆగితే చచ్చిపోదు, ఇంకా గట్టిపడుతుంది. పౌలు డేరాలు కుడుతూనే కొరింథులో సువార్త చెప్పాడు. నువ్వు వోచర్లు చూస్తూనే సింగ్ నగర్ సండే స్కూల్ నడుపు. శనివారాలు పాస్టరమ్మ గారితో ఇళ్లు తిరుగు. రోగుల పక్కన, తాగుబోతు భర్తలతో పడలేని ఆడవాళ్ల పక్కన కూర్చుని విను. సేవ అంటే మైకు ముందు పాట కాదు, ఎక్కువ భాగం ఇదే. ఇది ఏడాది చేశాక నీకు ఇంకా చేయాలనిపిస్తే, ఇంకా లోతుగా వాక్యం నేర్చుకోకపోతే వీళ్లకి న్యాయం చేయలేనని నీకు అనిపిస్తే, మీ పాస్టరుగారూ సంఘపెద్దలూ కూడా ఇదే మాట అంటే, అప్పుడు దరఖాస్తు పెట్టు. మొదటి ఏడాది ఫీజు నా పెన్షన్‌లోంచి కడతాను. తమ్ముడి ఫీజు గురించి మీ బాబాయితో నేను మాట్లాడతాను. అలా కాక, నీ స్థానం ఆ లెక్కల దగ్గరే, ఆ కాగితాల దగ్గరే అని తేలితే అంతే సంతోషిస్తాను, ఒక్క పిసరు కూడా తక్కువ కాదు.

రాజీనామా లెటరు టైపు చేసి ఫోన్లో పెట్టుకున్నానన్నావు, అది తీసెయ్. శనివారం సాయంత్రం ఆఫీసు అవగానే బస్సెక్కి రా, రాత్రికి ఇక్కడే ఉండు. ఆ రెండు అధ్యాయాలు చదివి వస్తే కూర్చుని మాట్లాడుకుందాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ