గువ్వలచెరువు ఘాటు దిగే బండికి బ్రేకులు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

ముందు చక్రాల బ్రేకులకు డిస్కులు, వాటిని అదిమి ఆపే ప్యాడ్లు రెండూ మార్చాలన్నారని, ఏవి వేయించాలో చెప్పమని అడిగినావు. నువ్వు బండి హుషారుగా తోలుతావని తెలుసు, వద్దని చెప్పను. కానీ రోజూ రాయచోటి నుంచి కడపకు ఘాటు దిగొచ్చేవాడివి. కాలు పెట్టిన ప్రతిసారీ బండి ఒకే తీరుగా ఆగాల.

రేసు ప్యాడ్ల జోలికి మాత్రం పోవద్దు అబ్బీ. బాగా వేడెక్కితేనే వాటికి పట్టు వస్తుంది. పొద్దున్నే సందులో ఏ పిల్లోడో అడ్డమొస్తే, చల్లగా ఉన్న ఆ ప్యాడ్లు నువ్వనుకున్న చోట ఆపవు. సిరామిక్‌వి చప్పుడు చేయవు, చక్రాలకు మసి తక్కువ. ఊర్లో తిరిగే బండికి బాగుంటాయి. నీ తోలుడికి, మన ఎండలకు, ఆ మలుపులకు నా ఓటు మంచి కంపెనీ వాళ్ల, లోహం కలిపి చేసే సెమీ మెటాలిక్‌కే. కొంచెం మసి పడుతుంది, అప్పుడప్పుడు కీచుమంటుంది, ఓర్చుకో.

కొన్ని ప్యాడ్ల అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, కొనేముందు చూడు. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పటి పట్టు. 'ఇ' కంటే 'ఎఫ్', దానికంటే 'జి' ఎక్కువ. 'జిఇ' అని ఉంటే కాలేకొద్దీ పట్టు జారిపోతుందని అర్థం. దానికంటే 'ఎఫ్ఎఫ్' నయం.

డిస్కుల్లో చిల్లులున్నవి చూడ్డానికి బాగుంటాయి గానీ, బాగా కాలి చల్లారితే ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు లేస్తాయి. నీ బండికి కంపెనీ ఇచ్చిన సైజులోనే, మధ్యలో గాలి సందులున్న సాదా డిస్కు వేయించు. పాతది నిజంగా పోయిందా అనేది కూడా చూసుకో. కనీసం ఎంత మందం ఉండాలో డిస్కు మీదే పోసి ఉంటుంది. అంచున అరగని గట్టు మిగిలి ఉంటుంది కాబట్టి దవడలతో పట్టి కొలిచే వెర్నియర్ పెడితే ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటరుతో ప్యాడు రాసుకునే చోట కొలవమను.

బిగించే రోజు దగ్గరే నిలబడు. డిస్కు కూర్చునే హబ్బు మీద తుప్పు గీకి తుడవాల. తుప్పు రేణువు కింద ఇరుక్కుంటే కొత్త డిస్కైనా వంకరగా తిరిగి, కొన్నాళ్లకు పెడలు అదురుతుంది. కొత్త డిస్కుకు పూసిన నూనె క్లీనరుతో కడిగించు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటి ఉంటే మార్పించు. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, చెమ్మ పీల్చుకున్నాక అది 155 దాకా పడిపోవచ్చు. ఘాట్లో ఆయిల్ మరిగిందంటే పెడలు మెత్తగా లోపలికి పోతుంది. ఎంత ఖరీదు ప్యాడైనా అప్పుడు పనికిరాదు.

కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదగాల కాబట్టి, ఇంటికొచ్చేముందు ఖాళీ రోడ్డు చూసుకుని, అరవైలో పోతూ పదిహేనుకు తగ్గేదాకా మధ్యస్థంగా బ్రేకు పట్టు. మధ్యమధ్య చల్లారనిస్తూ ఎనిమిది, పది సార్లు అట్ల చేయి, పూర్తిగా ఆపొద్దు. తర్వాత బ్రేకు తొక్కకుండా కాసేపు తోలి చల్లారనీ. దిగేటప్పుడు రెండో గేరు మరవద్దు.

పాత ప్యాడ్లు పారేయనియ్యొద్దు, చేతిలోకి తీసుకుని చూడు. లోపలిది బయటిదానికంటే బాగా అరిగుంటే ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ ఉంటుంది చూడు, దాని పిన్నులు పట్టేసినట్టు. వాటిని తీసి శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు పెట్టించిన తర్వాతే కొత్తవి ఎక్కించనీ.

మీ మామ