ట్యూనింగ్ బాక్స్ పెట్టాక పెరిగిన ఎగ్జాస్ట్ వేడి, ఇంజిన్ నాకింగ్: రెంటినీ విడివిడిగా చూడాలి

ట్యూనింగ్ బాక్స్ (ఇంజిన్ శక్తి పెంచడానికి తగిలించే చిన్న పరికరం) బిగించిన తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత 780 డిగ్రీల సెల్సియస్ దాకా పోతోందని, 1,500 నుంచి 2,200 ఆర్‌పీఎం మధ్య ఇంజిన్ మునుపు లేనంత గట్టిగా టకటకలాడుతోందని, వీటిలో దేనికి భయపడాలని మీరు అడిగారు. నా రెండు లీటర్ల కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో ఇంధనం అందే రకం) డీజిల్ కారుతో నేనూ ఇదే దారిలో నడిచాను. రెంటినీ పట్టించుకోవాల్సిందే, కానీ ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరిగే అవకాశం ఉందని ముందే తెలుసుకోవడం అవసరం. అది తెలియక నేను కొన్ని నెలలు నష్టపోయాను.

మీ 780 డిగ్రీలు టర్బోకు (ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరానికి) ముందు కొలిచినవా, తర్వాత కొలిచినవా అన్నది మొదట తేల్చుకోవాలి. మానిఫోల్డ్‌కు (సిలిండర్ల నుంచి టర్బోకు వాయువును చేర్చే గొట్టానికి) రంధ్రం వేయడానికి జంకి నేను మొదట సెన్సర్‌ను టర్బో తర్వాతి పైపులో పెట్టించాను. అక్కడ 610 కనబడగానే నిశ్చింతగా ఉన్నాను. టర్బోలోని చక్రాన్ని, అంటే టర్బైన్‌ను తిప్పడంలో వాయువు తన వేడిలో కొంత కోల్పోతుంది కాబట్టి, ఇంజిన్ మీద బాగా బరువు పడుతున్నప్పుడు టర్బో ముందుకూ వెనుకకూ 100 నుంచి 150 డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. మానిఫోల్డ్‌ను విప్పించి, రంధ్రం వేయించి, ఇనుప రజను ఒక్క రేణువు కూడా టర్బైన్‌లోకి పోకుండా శుభ్రం చేయించి, కె రకం థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) కొనను వాయుప్రవాహం మధ్యకు వచ్చేలా బిగించాక, అదే ఎత్తు మీద 760 కనబడింది. మీ కొలత టర్బో తర్వాతిదైతే బాక్స్‌ను ఈ రోజే తీసేయండి.

డీజిల్‌లో వేడి ఎందుకు పెరుగుతుందన్న విషయంలో పెట్రోల్ ఇంజిన్ అనుభవం మనను తప్పుదారి పట్టిస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం వంతు పెంచితే ఎగ్జాస్ట్ చల్లబడుతుంది, డీజిల్‌లో మాత్రం ఉన్న గాలికి ఇంధనం పెరిగే కొద్దీ వేడి పెరుగుతూనే పోతుంది. డీజిల్ పూర్తిగా మండడానికి లెక్క ప్రకారం తూకంలో ఒక వంతు ఇంధనానికి సుమారు 14.5 వంతుల గాలి చాలు. అయినా సిలిండర్ లోపల గాలి, ఇంధనం అంత సమంగా కలవవు కనుక, గాలి 18 వంతులకు దిగువకు వస్తుంటేనే చాలా ఇంజిన్లలో నల్లపొగ మొదలవుతుంది, వేడీ పెరుగుతుంది. మీ పొగగొట్టం నల్లబడుతుంటే అది వృథా అయిన ఇంధనం మాత్రమే కాదు, గాలి చాలడం లేదన్న సాక్ష్యం కూడా.

ఇక చప్పుడు సంగతి. ఇంధనం సిలిండర్‌లోకి వచ్చిన క్షణానికీ అంటుకునే క్షణానికీ మధ్య చిన్న జాప్యం ఉంటుంది. ఆ జాప్యంలో పోగైన ఇంధనమంతా ఒక్కసారిగా మండి పీడనం నిటారుగా లేచినప్పుడు మనకు వినబడేదే ఆ టకటక, అంటే నాకింగ్. దాన్ని మెత్తబరచడానికే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ముందుగా కొద్దిపాటి ఇంధనాన్ని పంపుతుంది, దాన్నే పైలట్ ఇంజెక్షన్ అంటారు. ఆ మంట లోపలి గాలిని వేడెక్కించడం వల్ల ప్రధాన ఇంధనం రాగానే అంటుకుంటుంది. రైల్‌లోని ఇంధన పీడనాన్ని కొలిచే సెన్సర్‌కు తగిలించే రకం బాక్స్, పీడనం తక్కువగా ఉందని ఈసీయూను నమ్మించి, నిజమైన పీడనాన్ని పెంచుతుంది. అప్పుడు పైలట్‌గా వెళ్లాల్సిన చిన్న మోతాదు కూడా పెద్దదై తానే గట్టిగా పేలుతుంది, జాప్యంలో చేరే ప్రధాన ఇంధనమూ ఎక్కువవుతుంది. మీ నాకింగ్‌కు నాకు తోచే తొలి కారణం ఇదే.

నేను బాక్స్ తీసేసి ఈసీయూను రీమ్యాప్ చేయించాను, అంటే దానిలోని ఇంధన, బూస్ట్ విలువల పట్టికను (మ్యాప్‌ను) మార్పించాను; బూస్ట్ అంటే టర్బో నెట్టే గాలి పీడనం. శక్తి బాగానే వచ్చింది, కానీ చప్పుడు కొంత మిగిలింది. దాన్ని తగ్గించమని అడిగితే, పని చేసిన వ్యక్తి ప్రధాన ఇంజెక్షన్ ఆరంభాన్ని క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే కోణంలో సుమారు మూడు డిగ్రీలు వెనక్కి జరిపారు, అంటే ఆలస్యం చేశారు. ఇంజిన్ ఎంత మృదువుగా మారిందంటే, నేను ఇంటికి వచ్చేదాకా సంతోషంగానే ఉన్నాను. మర్నాడు ఎత్తు ఎక్కుతుంటే గేజ్ 740 నుంచి 800 దాటింది. ఇంధనం ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగిస్తే, పిస్టన్ కిందికి దిగిపోతున్నప్పుడు కూడా మంట సాగుతూనే ఉంటుంది. ఆ వేడి క్రాంక్‌ను తిప్పే పనికి అందక నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఇంజెక్షన్‌ను ముందుకు జరిపితే, అంటే త్వరగా మొదలుపెడితే, ఎగ్జాస్ట్ చల్లబడుతుంది, కానీ సిలిండర్‌లో గరిష్ఠ పీడనమూ చప్పుడూ పెరిగి, హెడ్ గాస్కెట్‌పై, కనెక్టింగ్ రాడ్లపై భారం పడుతుంది. అందుకే నెమ్మదిగా పలికే ఇంజిన్ క్షేమంగా ఉందని చెవితో తేల్చవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

చివరికి నాకు కుదిరిన మ్యాప్‌లో ఆశించిన శక్తిలో దాదాపు మూడో వంతు వదులుకున్నాను. ఇంధనం పెంపును తగ్గించి, టర్బో తేలిగ్గా ఇవ్వగలిగినంత మేరకే బూస్ట్ పెంచి, పైలట్ మోతాదును కంపెనీ విలువకే తెచ్చి, పొగను అదుపు చేసే పరిమితిని తొలగించకుండా ఉంచారు. అదే ఎత్తు మీద ఇప్పుడు 700 నుంచి 710 మధ్య ఉంటోంది, చప్పుడు బాక్స్ పెట్టకముందు ఉన్నంతే.

ఎంత దాకా భరించవచ్చన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది. కొన్ని ఇంజిన్లను తయారీదారులే 800కు పైగా తట్టుకునేలా రూపొందించారు. మీ ఇంజిన్ పరిమితి చేతిలో లేనప్పుడు, టర్బో ముందు 720ని నిలకడగా దాటనివ్వకపోవడం, 750ని కొన్ని క్షణాలకే పరిమితం చేయడం నేను పాటించే పద్ధతి. పిస్టన్లకు వాడే అల్యూమినియం, సిలికాన్ మిశ్రమాలు 577 డిగ్రీల ప్రాంతంలో కరగడం మొదలుపెడతాయి, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. అయినా పిస్టన్ నిలబడుతోందంటే, వాయువు దాన్ని తాకేది క్షణమాత్రమే కావడం, కింద నుంచి నూనె దాన్ని చల్లబరచడం అందుకు కారణాలు. కాబట్టి పది సెకన్ల 780కీ, మూడు నిమిషాల 780కీ చాలా తేడా ఉంది.

నిర్ణయం తీసుకునే ముందు బాక్స్ తీసేసి, అదే ఎత్తు, అదే గేర్, అదే బరువుతో ఒకసారి నడిపి చూడండి. పార్టిక్యులేట్ ఫిల్టర్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే జల్లెడ) శుభ్రమయ్యే సమయంలో ఈసీయూ కావాలనే ఎగ్జాస్ట్‌ను వేడెక్కిస్తుంది కనుక, ఆ సమయపు అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. బాక్స్ లేకున్నా వేడి ఎక్కువగానే ఉంటే బూస్ట్ గొట్టాల లీకు, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), ఎయిర్ ఫిల్టర్ చూడాలి, లీకు ఉంటే బరువు మీద బుస్సుమనే శబ్దం కూడా వినిపిస్తుంది. టకటక ఒక్క సిలిండర్ నుంచే వస్తుంటే ఇంజెక్టర్ల (సిలిండర్‌లోకి ఇంధనాన్ని చిమ్మే భాగాల) దిద్దుబాటు విలువలను స్కానర్‌తో చదివించండి, తేడాగా పనిచేస్తున్న ఇంజెక్టర్ మీద పీడనం పెంచడం పిస్టన్‌కు చేటు.

ఈలోగా ఎత్తు మీద పెద్ద గేర్‌లో యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కి నడపకండి. ఒక గేర్ తగ్గిస్తే ఆర్‌పీఎం పెరిగి గాలి ఎక్కువ అందుతుంది, అదే వేగానికి ఒక్కో స్ట్రోక్‌కు కావలసిన ఇంధనం తగ్గుతుంది. నా కారులో ఆ ఒక్క మార్పుతోనే కొద్ది క్షణాల్లో 50 డిగ్రీల దాకా దిగడం చూశాను. ఎత్తు ఎక్కిన వెంటనే ఆపాల్సి వస్తే, టర్బో బేరింగ్‌లో నూనె మాడి గట్టిపడకుండా ఇంజిన్‌ను ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆ తర్వాతే కట్టేయండి.