ఎక్స్‌టెన్షన్లలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న: క్రోమ్‌లో కనిపించిన ఎక్స్‌టెన్షన్‌నల్లా (బ్రౌజర్‌కు అదనపు సౌకర్యాలనిచ్చే చిన్న ప్రోగ్రామ్) వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు బ్రౌజర్ బాగా నెమ్మదించింది. ఏవి తీసేయమంటారు?

జవాబు: విండోస్ కంప్యూటర్లో క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ తింటున్నదో అందులో విడివిడిగా కనిపిస్తుంది కాబట్టి ఊహాగానాలతో పనిలేదు. అయితే నా దృష్టిలో వేగం కంటే అనుమతుల సంగతే ముఖ్యం. అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదివి, మార్చగల అనుమతి పొందిన ఎక్స్‌టెన్షన్ మీ బ్యాంకు పేజీని సైతం చూడగలదు. మంచి పేరుంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు: వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది, హానికరమైన కోడ్ ఉందన్న కారణంతో 2021లో గూగుల్ దానిని తొలగించింది. (ఆ పనిని ఇప్పుడు క్రోమ్‌లోని మెమరీ సేవరే చేసిపెడుతుంది.)

ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్‌ను, పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్‌ను ఉంచుకోండి. అసలు సైటును పోలిన నకిలీ పేజీకి మీరు పొరపాటున వెళ్లినా, చిరునామా సరిపోలనందున పాస్‌వర్డ్ మేనేజర్ వివరాలను తనంతట తాను నింపదు. అప్పుడప్పుడే వాడే వాటికి, ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో సైట్ యాక్సెస్‌ను ‘క్లిక్ చేసినప్పుడు మాత్రమే’ అని మార్చండి. మిగిలినవి నిస్సంకోచంగా తీసేయవచ్చు.